ఎత్తు ఎవరిది, ఇనుము ఎవరిది: గీదం మీదుగా సాగిన ఒక రైలు మార్గం

దక్షిణ బస్తర్‌లో గీదం పెద్ద ఊరేమీ కాదు. జగ్దల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు ఇక్కడ చీలుతుంది. ఒక పాయ బీజాపూర్, భోపాలపట్నం మీదుగా గోదావరి వైపు సాగుతుంది. ఇంకొకటి దంతెవాడ, బచేలీ దాటి కిరండూల్ కొండల మొదటికి చేరుతుంది. మూడోది ఉత్తరాన బార్సూరుకు, అంటే ఛిందక నాగుల కాలంనాటి ఆలయాల ఊరికి. ఆ బార్సూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికిందనీ, దాన్ని వేయించిన చంద్రాదిత్యుడు తెలుగు చోడ వంశీయుడైన సామంతుడనీ చెబితే మనవాళ్ళ కళ్ళు వెంటనే మెరుస్తాయి. ఆ మెరుపు గురించే ఈ వ్యాసం. అయితే ఇక్కడి విషయం శాసనం కాదు, రైలు మార్గం.

గీదం స్టేషను కొత్తవలస-కిరండూల్ మార్గంలో ఉంది. రైల్వేవాళ్ళ నోట అది 'కె.కె. లైను'. దాదాపు 446 కిలోమీటర్ల పొడవు. ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్ళు తూర్పుకు, విశాఖ సముద్రం వైపుకు పోతాయి. ఉత్త వాగన్లు పడమరకు తిరిగి వస్తాయి. ఈ మధ్యలో మనుషులను ఎక్కించుకునే బళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక పూట గడిపినవాడికి ఈ మార్గం ఎవరి కోసం వేశారన్నది ఒకరు చెప్పనక్కరలేదు.

అయినా ఈ మార్గం గురించి దేశంలో ఎక్కువగా మాట్లాడేవాళ్ళు గీదం జనం కాదు, రైలు అభిమానులు. తపాలా బిళ్ళలు పోగుచేసేవారిలాగే రైలింజన్ల నంబర్లు రాసుకునేవారూ, స్టేషన్ల ఎత్తులు కంఠస్థం చేసేవారూ ఉంటారు. నిరపాయకరమైన అభిరుచి. నాకూ కొంత ఉంది. కాని ఈ అభిరుచిలో జాతీయ గర్వం వచ్చి కూర్చున్న క్షణం నుంచి అంకెలకు అర్థాలు మారిపోతాయి. కె.కె. లైను మీద ఇలాంటి అపార్థాలు ప్రధానంగా మూడు కనిపిస్తాయి: ఇది ప్రపంచంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్ గేజి మార్గమని ఒకటి, దీన్ని జపాన్‌వాళ్ళు వేశారని ఒకటి, ఇది 'మాది' అని మరొకటి. మూడో మాట అనేవాళ్ళు చాలామంది.

ముందు ఎత్తు సంగతి. అనంతగిరి కొండల్లో, అరకుకు ఇవతల, శిమిలిగూడ అనే చిన్న స్టేషను ఉంది. సముద్రమట్టానికి 996.32 మీటర్లు. చాలాకాలం పాటు దేశంలో బ్రాడ్ గేజి స్టేషన్లన్నిటిలోకి ఇదే ఎత్తయినది. అరకు వెళ్ళే ప్రతి పర్యాటకుడూ ఈ మాట వినే ఉంటాడు. వింటూ వింటూ ఉండగానే 'దేశంలో' అన్నది 'ఆసియాలో' అయింది, 'ఆసియాలో' అన్నది 'ప్రపంచంలో' అయింది. ఎవరో దురుద్దేశంతో చేసిన పని కాదు. గర్వం ఒక నోటి నుంచి ఇంకో నోటికి మారేటప్పుడు కొంచెం పెరగడం దాని స్వభావం.

నిజానికి బ్రాడ్ గేజి అంటే మన ఉపఖండంలో పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ఆ కొలత మన ఒక్కరి సొత్తు కాదు. పాకిస్తాన్‌లో అదే, శ్రీలంకలో అదే. క్వెట్టా నగరం దాదాపు 1,680 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి బ్రాడ్ గేజి బండి 1880ల నాటికే చేరింది. బోలాన్ కనుమ మార్గంలోని కోల్‌పూర్ ఇంకా ఎత్తు. శ్రీలంక తేయాకు కొండల్లో కొలంబో-బదుల్ల మార్గంలోని పట్టిపొల దాదాపు 1,890 మీటర్లు. శిమిలిగూడకు దాదాపు రెట్టింపు. అదీ బ్రాడ్ గేజే. ఇక ప్రమాణ గేజి మార్గాలను కూడా కలుపుకుంటే పెరూలో 4,700 మీటర్లు దాటిన స్టేషను ఉంది, టిబెట్ మార్గంలో 5,000 మీటర్లు దాటినది ఉంది. చైనాలో బ్రాడ్ గేజి లేదు గనుక మనం గెలిచినట్టే అనే వాదన కూడా నేను విన్నాను. పోటీదారు పరుగు పందెంలోకి దిగనే లేదు, మనం పతకం మెడలో వేసుకున్నాం.

ఇందులో చిన్న చేదు నిజం ఒకటి దాగి ఉంది. క్వెట్టా రైలు బ్రిటిష్ ఇండియా రైల్వేలో భాగం. 1947 ఆగస్టు దాకా ఆ ఎత్తు 'మనదే'. సరిహద్దు గీత గీసిన తరువాతనే ఆ కొండలు వేరొక దేశపు లెక్కలోకి వెళ్ళాయి, ఆ ఖాళీలోకి శిమిలిగూడ వచ్చి చేరగలిగింది. అంటే మన రికార్డుకు పునాది వేసింది ఇంజనీర్ల నైపుణ్యం ఒక్కటే కాదు, దేశ విభజన కూడా. ఈ మాట చెప్పినప్పుడు రైలు అభిమానులు నొచ్చుకుంటారు. నొచ్చుకోవలసిన పని లేదు. తూర్పు కనుమల్లో, దట్టమైన వానల్లో, 58 సొరంగాలు తవ్వి ఆ మార్గం వేయడం అసాధారణమైన పని. దానికి ప్రపంచ రికార్డు తోడు అవసరం లేదు. పైగా 2008 నుంచి కశ్మీరు లోయలో బళ్ళు నడుస్తున్నాయి. ఖాజీగుండ్ వద్ద ఎత్తు 1,700 మీటర్లు దాటుతుంది. దేశపు రికార్డు కూడా అనంతగిరి నుంచి వెళ్ళిపోయింది. అయినా అరకు బండిలో పాత మాటే వినిపిస్తూ ఉంటుంది.

రెండో అపార్థానికి వద్దాం. 'జపాన్‌వాళ్ళు వేసిన లైను.' ఈ మాట విశాఖలో విన్నాను, జగ్దల్‌పూర్‌లో విన్నాను. చెప్పేవాళ్ళలో రెండు రకాలు. కొందరు మెచ్చుకోలుగా అంటారు: జపాన్ పనితనం గనుక ఇన్నేళ్ళు నిలిచిందని. కొందరు కోపంగా అంటారు: జపాన్ తన కోసం వేసుకుని మన కొండను మోసుకుపోయిందని. ఈ రెండు రకాలవాళ్ళూ ఒకరినొకరు దేశభక్తి లేనివారిగా చూసుకుంటారు. ఇద్దరూ ఆధారపడింది మాత్రం ఒకే తప్పుడు సమాచారం మీద.

జరిగింది ఇది. బైలడిల్లా అంటే ఎద్దు మూపురం. కొండ వరుస ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. అక్కడ మేలు రకం ఇనుప ఖనిజం ఉందని ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్తలకు బ్రిటిష్ కాలం నుంచే తెలుసు. 1930లలో క్రూక్‌షాంక్ అనే అధికారి ఆ కొండలను సర్వే చేసి నిక్షేపాలకు 1 నుంచి 14 దాకా అంకెలు వేశాడు. ఈనాటికీ గనులను ఆ అంకెలతోనే పిలుస్తారు. తెలిసినా తవ్వే దారి లేదు. తవ్వినా మోసే దారి లేదు.

స్వాతంత్ర్యం వచ్చే ముందు ఈ కొండ మీద కన్ను వేసినవాడు నిజాం. బస్తర్ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ అప్పటికింకా చిన్నవాడు. రాజ్యం బ్రిటిష్ రాజకీయ శాఖ పర్యవేక్షణలో ఉండేది. ఇనుప గనులను దీర్ఘకాలిక కౌలుకు తీసుకుని, తన రైల్వేను అక్కడిదాకా పొడిగించాలని హైదరాబాద్ ప్రయత్నించిందని వి.పి. మీనన్ సంస్థానాల విలీనంపై రాసిన పుస్తకంలో నమోదు చేశారు. సర్దార్ పటేల్‌కు దీని మీద ఆందోళన కలిగింది. ఆ బేరం ముందుకు సాగలేదు. సాగి ఉంటే బైలడిల్లా ఇనుము గోదావరి వైపు, తెలంగాణ వైపు దిగేది. గీదానికి రైలు వచ్చేదో లేదో చెప్పలేం.

తరువాత జపాన్ వచ్చింది. యుద్ధంలో కాలిపోయిన దేశం. ఉక్కు కర్మాగారాలను మళ్ళీ నిలబెట్టుకుంటోంది, సొంత ఖనిజం లేదు. మన దగ్గర ఖనిజం ఉంది, విదేశీ మారకం లేదు. రెండో పంచవర్ష ప్రణాళిక మధ్యలో మన ఖజానా ఎంత చిక్కిపోయిందో ఆనాటి పత్రికలు చదివినవారికి తెలుసు. జపాన్ తన చరిత్రలో ఏ దేశానికైనా ఇచ్చిన తొలి యెన్ రుణం 1958లో భారత్‌కే ఇచ్చింది. అంతకుముందు 1952లో మనం యుద్ధ నష్టపరిహారం అడగబోమని ఆ దేశంతో శాంతి ఒప్పందం చేసుకున్నాం. టోక్యో విచారణలో జస్టిస్ రాధావినోద్ పాల్ ఇచ్చిన భిన్నాభిప్రాయపు తీర్పును ఆ దేశం ఇంకా తలుచుకుంటూనే ఉంది. రెండు దేశాల మధ్య ఒక మర్యాద ఉండేది. ఆ మర్యాద నేపథ్యంలో, 1960 మార్చిలో, బైలడిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఖనిజం ఇచ్చేందుకు జపాన్ ఉక్కు సంస్థలతో ఒప్పందం కుదిరింది. అంతకుముందే ఒడిశా సరిహద్దులోని కిరిబూరు ఖనిజానికి ఇలాంటి ఒప్పందం జరిగింది.

ఈ ఒప్పందాలను నెరవేర్చేందుకు భారతీయ రైల్వే చేపట్టిన పనికే డి.బి.కె. ప్రాజెక్టు అని పేరు: దండకారణ్యం, బొలంగీర్, కిరిబూరు. మూడు మార్గాలు. అందులో దండకారణ్యపు మార్గమే మన కె.కె. లైను. మార్గం గుర్తించినవారు, సొరంగాలు తవ్వించినవారు, వంతెనలు కట్టినవారు భారతీయ రైల్వే ఇంజనీర్లు. రాళ్ళు మోసినవాళ్ళు మన కూలీలు. 1966-67లో మార్గం తెరుచుకుంది. 1968లో 14వ నిక్షేపం గని పనిలోకి వచ్చింది. కొనుగోలుదారు జపాన్. గని తవ్వినది భారత ప్రభుత్వ సంస్థ ఎన్.ఎం.డి.సి. బండి నడిపినది భారతీయ రైల్వే.

అప్పు ఇచ్చినవాడు, సరుకు కొన్నవాడు కట్టినవాడు అవుతాడా? ఈ ప్రశ్నకు జపాన్ దగ్గరే మంచి జవాబు ఉంది. 1964 అక్టోబరు 1న టోక్యో-ఒసాకా మధ్య షింకన్‌సెన్ ప్రారంభమైంది. ఆ మార్గానికి ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ప్రపంచ బ్యాంకు వేసిన బుల్లెట్ రైలు అని ఏ జపానీయుడూ అనడు, మనమూ అనం. అప్పును అప్పుగానే చూస్తారు. మనం మాత్రం కె.కె. లైను విషయంలో మన ఇంజనీర్లకు దక్కవలసిన పేరును చేజేతులా పరాయివాడికి రాసి ఇచ్చి, ఆ తరువాత అదే పరాయివాడి మీద కోపం తెచ్చుకుంటున్నాం. ముంబయి-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మీద ఈరోజు జరిగే చర్చలో కూడా ఇదే గందరగోళం కనిపిస్తుంది.

కోపానికి కారణం లేదని నేను అనడం లేదు. కారణం ఉంది. అది వేరే చోట ఉంది. దాన్ని చూడాలంటే 1966 సంవత్సరం దగ్గర ఆగాలి.

ఆ ఏడాది మార్చి 25న జగ్దల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులు జరిగాయి. ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయనతోపాటు పలువురు ఆదివాసులు చనిపోయారు. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడి సంతతిగా తమను తాము చెప్పుకున్న వంశం అది. 1703లో దిక్పాలదేవుడు వేయించిన దంతెవాడ శాసనం ఈ వంశక్రమాన్నే చెబుతుంది. తెలుగువాళ్ళం ఆ వంశాన్ని మన కాకతీయుల కొనసాగింపుగా తలుచుకుని పొంగిపోతాం. 2022లో తెలంగాణ ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు బస్తర్ నుంచి కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను వరంగల్‌కు ఆహ్వానించి ఊరేగించింది. కాని ఆదివాసులు ప్రవీర్‌చంద్రను తలుచుకునేది కాకతీయుడిగా కాదు. దంతేశ్వరి పూజారిగా, తమ మాట వినే మనిషిగా. ఒకే మనిషిలో మనకు కనిపించేది ఒకటి, వాళ్ళకు కనిపించేది ఇంకొకటి.

అదే ఏడాది అక్టోబరులో విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' నినాదం పుట్టిన రోజులు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారని చెబుతారు. నినాదంలో ఉక్కు విశాఖది, హక్కు ఆంధ్రులది. ఉక్కుకు కావలసిన ఇనుము ఎక్కడిది? అప్పుడే పూర్తవుతున్న కె.కె. లైను మీదుగా రావలసిన బైలడిల్లాది. కొండ ఎవరి గ్రామాల మధ్య ఉందో వాళ్ళ ప్రస్తావన ఆ నినాదంలో లేదు. ఉద్యమాన్ని తప్పు పట్టేందుకు ఈ మాట అనడం లేదు. నా తరం మనుషులు ఆ నినాదం వింటూ పెరిగారు, అందులో నేనూ ఉన్నాను. కాని బస్తర్‌ను మనం ఎప్పుడూ మ్యాపులో ఒక గనిగానే చూశామన్నది నిజం.

అప్పటి వ్యంగ్యం ఇంకొకటి. విశాఖ జనం ఉక్కు కోసం వీధుల్లోకి వచ్చిన కాలంలోనే, అదే విశాఖ రేవు బైలడిల్లా ఖనిజాన్ని జపాన్ నౌకల్లోకి ఎత్తేందుకు సిద్ధమవుతోంది. కర్మాగారం మంజూరు ప్రకటన 1970లో వచ్చింది. ఇందిరాగాంధీ 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. ఈ 20 ఏళ్ళ పాటు ఖనిజం మాత్రం ఆగకుండా సముద్రం దాటుతూనే ఉంది. పెద్ద నౌకల కోసం 1976లో ఔటర్ హార్బర్ కూడా వచ్చింది. తీరా కర్మాగారం వచ్చాక దానికి సొంత గని ఇవ్వలేదు. ఈనాటికీ అది ఖనిజాన్ని ప్రధానంగా ఎన్.ఎం.డి.సి. దగ్గర కొనుక్కుంటుంది. 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణ నిర్ణయం తీసుకున్నప్పుడూ, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడూ సొంత గని లేని లోటు గురించి మాట్లాడనివారు లేరు. జపాన్ మన ఖనిజాన్ని తీసుకుపోయిందని తిట్టుకునేవాళ్ళు ఈ ప్రశ్నను టోక్యోను కాదు, ఢిల్లీని అడగాలి. ఎగుమతి ఒప్పందాలను దశాబ్దాల తరబడి పునరుద్ధరిస్తూ వచ్చింది మన కేంద్ర మంత్రివర్గాలే. 2018లో కూడా జపాన్, కొరియా ఉక్కు సంస్థలకు మరో ఐదేళ్ళు ఖనిజం ఇచ్చేందుకు అనుమతి ఇచ్చారు.

గని దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1978 ఏప్రిల్‌లో కిరండూల్‌లో కాల్పులు జరిగాయి. యంత్రాలు వచ్చి చేతితో ఖనిజం తీసే కార్మికుల పని పోయినప్పుడు లేచిన ఆందోళన మీద. 2019 జూన్‌లో 13వ నిక్షేపం ఉన్న కొండ తమ దేవత నందరాజుదనీ, తవ్వకానికి గ్రామసభ అనుమతి ఇవ్వలేదనీ వేలమంది ఆదివాసులు కిరండూల్‌లో గని కార్యాలయం ముందు బైఠాయించారు. క్రూక్‌షాంక్ వేసిన అంకెల్లో పదమూడు అన్నది వాళ్ళకు ఒక దేవుడి పేరు. పని ఆపి విచారణ జరుపుతామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది.

మూడో అపార్థం ఇంకా కొత్తది, ఇంకా వేడిగా ఉంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ అని 2019లో ప్రకటించారు. దానితోపాటే వాల్తేరు డివిజను విభజన కూడా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రకారం దాదాపు 410 కిలోమీటర్ల ముక్క విశాఖపట్నం డివిజనుగా మిగులుతుంది. కొత్తవలస-బచేలీ సహా దాదాపు 680 కిలోమీటర్లు ఒడిశాలోని రాయగడ కేంద్రంగా కొత్త డివిజను అవుతుంది. సరుకు రవాణా ఆదాయంలో సింహభాగం తెచ్చే మార్గం చేజారిందని ఆంధ్రలో ఆవేదన. బొర్రా గుహలు, అరకు ఆంధ్రలో ఉండి వాటి రైలు పాలన రాయగడలో ఉండడమేమిటని అడగడంలో న్యాయం ఉంది. ఇన్నాళ్ళకు తమ నేల మీది మార్గం తమ రాష్ట్రపు డివిజనులోకి వచ్చిందని ఒడిశాలో సంతోషం. కోరాపుట్, జయపురం ఆ మార్గం మీదే ఉన్నాయి గనుక ఆ సంతోషంలోనూ న్యాయం ఉంది. రెండు రాష్ట్రాల రైలు అభిమానులు ఈ విషయం మీద మాట్లాడుకునే తీరు మాత్రం రెండు దేశాల సైనికులు సరిహద్దు వద్ద మాట్లాడుకున్నట్టు ఉంటుంది. ఒకరు 'మా వాల్తేరు' అంటే, ఇంకొకరు 'మా కోరాపుట్' అంటారు. వాల్తేరు డివిజనును 130 ఏళ్ళుగా నడిపినవారిలో తెలుగువారూ ఉన్నారు, ఒడియావారూ ఉన్నారు, బెంగాలీలూ ఉన్నారు. పైగా చాలాకాలం దీని పై అధికారం కలకత్తాలోని సౌత్ ఈస్టర్న్ రైల్వేది. తూర్పు కోస్తా జోన్ వచ్చిందే 2003లో.

ఈ గొడవలో మూడో రాష్ట్రం ఒకటి ఉందన్న సంగతి ఇద్దరూ మరిచిపోతారు. ఖనిజం పుట్టేది ఛత్తీస్‌గఢ్‌లో. జగ్దల్‌పూర్, గీదం, దంతెవాడ, బచేలీ, కిరండూల్ ఉన్నవి అక్కడే. ఆదాయం విశాఖకు రావాలా రాయగడకు పోవాలా అన్న వాదంలో, ఆ ఆదాయం పుట్టే చోట డివిజను కార్యాలయం ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. బస్తర్ నుంచి వచ్చినా వినేవాళ్ళు తక్కువ. 2000లో రాష్ట్రం ఏర్పడింది. రైల్వే పటంలో మాత్రం దక్షిణ బస్తర్ ఇంకా ఎవరో ఒకరి పెరడే.

గీదం నుంచి రాష్ట్ర రాజధాని రాయపూర్‌కు రైల్లో వెళ్ళాలనుకునే మనిషి ముందు తూర్పుకు ప్రయాణం చేయాలి. జగ్దల్‌పూర్ దాటి ఒడిశాలోకి వెళ్ళి, కోరాపుట్, రాయగడ, టిట్లాగఢ్ చుట్టి, మళ్ళీ సొంత రాష్ట్రంలోకి రావాలి. అందుకే అందరూ బస్సే ఎక్కుతారు. ఉత్తరం వైపు నుంచి దల్లీ రాజహరా నుంచి వేస్తున్న కొత్త మార్గం అంతాగఢ్ దాటింది. రావ్‌ఘాట్ వైపు సాగుతోంది. అక్కడి నుంచి జగ్దల్‌పూర్ దాకా వేయవలసిన 140 కిలోమీటర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ మార్గం కూడా రావ్‌ఘాట్ దాకా ముందుగా పడుతున్నది భిలాయి కర్మాగారానికి ఇనుప ఖనిజం మోయడానికే.